పచ్చిమన్ను ప్రమాణం

పైకచేరి భూమి విభాగం వారికి, తొమ్మిదో బంజరులో కాపురముంటున్న ఉరుకుందమ్మ రాసుకునే రెండో అర్జీ.

అయ్యా, మీ దగ్గర నా పుస్తకం ఒకటి ఇప్పటికే ఉంది. తొంభై పేజీలు, పేజీకి ఒకే మాట: క్షేమం. అందులో మొదటి పద్దెనిమిదే నిజం. మిగతా డెబ్బై రెండూ అబద్ధం. ఈ అర్జీకి జతచేస్తున్నది వేరే పుస్తకం. ఎవరికో చూపించాలని రాసింది కాదు. నా నోట్లో మాట దాగదని ఇక్కడ అందరికీ తెలుసు. దాచక తప్పని రోజు వచ్చేసరికి కడుపు ఉబ్బి చస్తానేమోనని రాసుకున్నాను. నా భూమి నాకిమ్మని దీన్ని పంపడం లేదు. ఆఖరిదాకా చదవండి. పెద్ద పుస్తకమేమీ కాదు.

1వ రోజు

పొద్దున ప్రమాణం అయింది. మెడ ఇంకా పీకుతోంది.

మా చేనుకూ మద్దిలేటి చేనుకూ మధ్య నలభై మూరల పట్టె ఉంది. ఈ బంజరంతటికీ నేల కింద చెమ్మ ఉన్నది అక్కడొక్కచోటే. మిగతా చోట్ల సాయంత్రం రేకులు పరిచి, పొద్దున వాటి మీద పేరుకున్న మంచు గీరి, ఆ నీళ్ళతోనే తాగడమూ పంటా. పట్టె ఉన్నవాడికి ఏడాదికి రెండు పంటల కొర్ర పండుతుంది. లేనివాడికి ఒక్కటే, అదీ ఏడ్చుకుంటూ. మా ఆయన ఈరన్న నాలుగేళ్ళు ఆ పట్టెలో మన్ను తవ్వి, బట్టీలో వేయించి, ఉప్పు కడిగి నేల చేశాడు. పోయిన ఏడు ఎర్రగాలి నెల రోజులు కొట్టి మూరెడు పచ్చిమన్ను తెచ్చి దాని మీద పోసింది. హద్దురాళ్ళు ఎక్కడ పడ్డాయో దేవుడికే తెలియాలి. గాలి తగ్గీ తగ్గకముందే మద్దిలేటి పార భుజాన వేసుకుని వచ్చి, "ఇది మాది గదా వదినా" అన్నాడు. అంత మెత్తగా అన్నాడు, నాకు ఒళ్ళు మండిపోయింది.

సర్వేయరు హుసేనప్ప వచ్చి చేతులెత్తేశాడు. "కొలతల పటాలు ఓడలోనే చెడిపోయినాయక్కా. దేవుడన్నా దిగొచ్చి కొలవల్ల, మీరిద్దరన్నా రాజీ పడల్ల."

"మట్టితో రాజీ పడతా గానీ మద్దిలేటితో పడను" అన్నాను.

ఈరన్న పక్కనుంచి గొణిగాడు. "సగం సగం జేసుకుంటే పోతాది లేవే."

"నువ్వు గమ్మునుండయ్యా. నడుము ఇరగ్గొట్టుకున్నోడివి నువ్వు, నూనె రుద్దినదాన్ని నేను."

అలా వచ్చింది ప్రమాణం దాకా. ఓడెక్కి ఈ గ్రహానికి రాకముందు, పాత భూమి మీద మన ఊళ్ళలో ఉండేదట. తగాదా పడిన నేల మన్ను గుడ్డ లేని తల మీద పెట్టుకుని, ఇది నా హద్దు అని నడవాలి. ఆ తర్వాత ఆ మన్నును రెండు ముంతల్లోకి తీసి ఇద్దరి ఇళ్ళలోనూ పొయ్యి పక్కన పెట్టాలి. పూటకు గిద్దెడు నీళ్ళు పోయాలి, ఆరకూడదు. తొంభై రోజుల్లో ఏ ఇంట్లో చావో, జబ్బో, పశునష్టమో వస్తే ఆ ఇంటివాళ్ళది అబద్ధం. భూమి రెండోవాళ్ళది. రోజూ ఒక పుస్తకంలో ఇంటి సంగతి రాసి ఆఖరున కచేరికి ఇవ్వాలి. అసలు ఆచారంలో పదిహేను రోజులే అని ఒక పెద్దాయన అన్నాడు. ముంత మాట తన తాత ఎప్పుడూ చెప్పలేదని ఇంకొకాయన అన్నాడు. ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఎవరికి గుర్తున్నది వాళ్ళు కలుపుతూ పోయారు.

పచ్చిమన్ను వేయించకుండా గడప లోపలికి తేకూడదని ఇక్కడ పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఈరన్న అదే అడిగాడు. "వేయించిన మన్ను పెడితే కాదా?"

పెద్దలు నవ్వారు. "వేయించిన మన్ను సచ్చిన మన్నప్పా. అదేం సాక్ష్యం జెప్తాది?"

సరేనన్నాం. తల మీద గుడ్డ తీసి, మన్ను పెట్టుకుని మొదట నేను నడిచాను, నా వెనక మద్దిలేటి. అతని పెళ్ళాం నాగలచ్చుమి గట్టు మీద నిలబడి చూసింది. వచ్చేటప్పుడు ఓడలో తొమ్మిది నెలలు తన మంచం పైన, నా మంచం కింద. వాంతులైనప్పుడల్లా తల పట్టుకున్నది నేనే. తగాదా మొదలైనప్పటి నుంచి అక్కా అని పిలవడం మానేసింది.

8వ రోజు

ముంతలో మన్ను మీద సన్నటి తెల్లటి నూగు వచ్చింది. నీళ్ళు పోస్తే అణుగుతుంది, పొద్దునకి మళ్ళీ లేస్తుంది.

పాలు కాస్తుంటే ఈరన్న ముంత దగ్గర గొంతుక్కూర్చుని పిలిచాడు. "ఏమే, రా. వాసన జూడు."

"నాకేం పని లేదనుకున్నావా?"

"రావే. రోంత సేపు."

వంగి చూశాను. వాన వాసన. తొలకరి చినుకు ఎండిన చేను మీద పడినప్పటి వాసన. వాన చూసి మాకు ఇరవై రెండేళ్ళయింది. ఈ ఆకాశానికి కురవడం రాదు. ఇద్దరం వెర్రివాళ్ళలా ముంత మీద తలలు ఆనించి కూర్చున్నాం. నాకు మా అవ్వ గుర్తొచ్చింది, వాకిట్లో ఆరేసిన మిరపకాయలు గుర్తొచ్చాయి. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆయన్ను తిట్టాను గానీ, ఆ తిట్టులో పస లేదని ఆయనకు తెలిసిపోయింది.

19వ రోజు

నల్లమేక చచ్చిపోయింది.

చలికి తట్టుకోలేదని వారం నుంచి పొయ్యి పక్కనే కట్టేస్తున్నాం. పొద్దున చూస్తే కాళ్ళు చాపేసి ఉంది. మూతి చుట్టూ తోలు బూడిదరంగుకు తిరిగి నున్నగా అయింది.

"పశునష్టమే ఇది" అన్నాడు ఈరన్న. "హుసేనప్పకి చెప్పేద్దాం."

"ముసలిది, పోయింది. వయసైంది పోతే నష్టమెట్లా అవుతాది?"

"మూడేండ్లది గదే అది."

"మేకకు మూడేండ్లంటే తక్కువా?"

ఆయన పార అందుకున్నాడు. ఊకగుంటలో పాతిపెట్టి వచ్చాం. కచేరి పుస్తకం తీసి క్షేమం అని రాశాను. అక్షరాలు రోజూలాగే గుండ్రంగా వచ్చాయి. అందుకే కొంచెం భయమేసింది.

31వ రోజు

బట్టీ దగ్గర ఈరన్న కాలిన రేకును వట్టి చేత్తో పట్టుకున్నాడు. నేను కేక వేసి లాగేదాకా వదల్లేదు. కాలినట్టు తెలియలేదన్నాడు. ఇంటికొచ్చి వెలుతుర్లో చూస్తే నాలుగు వేళ్ళ చివర్లు బూడిదరంగు. గోరుతో గిచ్చాను. "ఏమన్నా తెలుస్తాందా?" "ల్యాదు." రెండు రోజుల నుంచి దగ్గు కూడా ఉంది, చెప్పలేదు.

మేక మూతి గుర్తొచ్చింది. ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం అనలేదు.

"డాక్టరమ్మ కాడికి పోదామా?" అని అడిగాను. అడిగానే గానీ, ఆయన వద్దంటే బాగుండునని లోపల కోరుకున్నాను. ఇది ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

ఆయన నా మొహం కాసేపు చూశాడు. "వద్దులే. ఇంకెన్నాళ్ళు?"

"యాభై తొమ్మిది."

"అంతే గదా" అన్నాడు.

ఆయనే వద్దన్నాడని రేపెప్పుడైనా నాకు నేను చెప్పుకుంటానేమో. నా మొహం చూసి అన్న మాట అది. ముందు నుంచీ ఆ పట్టె మీద ఆయనకు ఆశ లేదు. ఆశంతా నాది.

44వ రోజు

డాక్టరమ్మ మూడు నెలలకోసారి వేసే చుట్టు ఈ రోజే పడింది. దూరంగా బండి దుమ్ము కనపడగానే ఈరన్నను లోపలి గదిలో పెట్టి తలుపు వేశాను. ఆయన పంచె ఒకటి తడిపి దండెం మీద వేశాను.

"ఈరన్న ఏడమ్మా?"

"కొండ కాడికి పోయినాడు, బట్టీకి గరపమన్ను తేను. సాయంత్రమైతాది."

"పోయినసారి నడుము నొప్పి అన్నాడు."

"ఇప్పుడు బాగుంది. ఎగురుతాండాడు."

ఆమె రాసుకుని వెళ్ళిపోయింది. మద్దిలేటి ఇంటి ముందు కూడా ఎంతోసేపు ఆగలేదు. వాళ్ళింట్లో దాచడానికి ఏమీ లేదు కాబోలని నాకు ఏడుపొచ్చినంత పనయింది.

లోపల ఈరన్న దగ్గు బయటికి రాకుండా నోట్లో తువ్వాలు కుక్కుకుని కూర్చున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తువ్వాలు తీస్తే నవ్వాడు. "నా నోట్లో గుడ్డ కుక్కల్లని పెండ్లైనప్పటి నుంచి జూస్తాండావు. ఇప్పటికి కుదిరె." ఆ మాట మీద మళ్ళీ దగ్గు, మధ్యాహ్నం దాకా ఆగలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది మా బతుకు. అరవలేం, ఊరుకోలేం.

52వ రోజు

"ఆ ముంత వల్లనేమో" అన్నాడు ఈరన్న. ఇన్నాళ్ళకు ఒకరం నోరు తెరిచి అన్నాం.

నూగు ఇప్పుడు ముంత అంచు దాటింది. పొయ్యి సెగకు హాయిగా ఉన్నట్టుంది దానికి. అవతల పారేద్దామంటే హుసేనప్ప నెలకోసారి వచ్చి మన్నులో వేలు పెట్టి తడి చూస్తాడు. ముంత కనపడకపోయినా, మన్ను ఆరినా ప్రమాణం పోయినట్టే. గది మూలకు జరుపుదామన్నా, పొయ్యి పక్కనే ఉండాలని పెద్దలు చెప్పారు.

ముంతను జరపలేక మంచాన్ని జరిపాను. ముంత మీద పళ్ళెం బోర్లించాను. పూటకు గిద్దెడు నీళ్ళు మాత్రం మానలేదు. నీళ్ళు పోసినప్పుడల్లా ఇల్లంతా వాన వాసన కొడుతుంది. ఇప్పుడు ఆ వాసనకు నాకు వాంతి వస్తుంది.

66వ రోజు

మద్దిలేటి ఇంటి దండెం మీద లచ్చుమి ఆకుపచ్చ చీర ఉంది. నిన్నా ఉంది. మొన్నా ఉంది. వేళ్ళు మడిచి లెక్కేస్తే ఎనిమిది రోజులుగా అదే చీర, అదే మడత. పొద్దున మద్దిలేటే వచ్చి తీస్తున్నాడు, మళ్ళీ తనే వేస్తున్నాడు. నేనైనా పంచెను తడిపి ఆరేస్తాను. మగాడికి ఆ మాత్రం తోచలేదు.

రేకులు గీరడానికి లచ్చుమి బయటికి వచ్చి ఎన్నాళ్ళయిందో ఆలోచించాను. గుర్తులేదు.

మొదట నాకొచ్చిన ఆలోచన రాయడానికి సిగ్గుగా ఉంది. గెలిచాం, అనుకున్నాను. వాళ్ళింట్లోనూ జబ్బే. హుసేనప్పను పిలిచి ఒక్క మాట చెబితే చాలు. ఆ వెనకే రెండో ఆలోచన వచ్చింది: వాళ్ళిల్లు తెరిపిస్తే మద్దిలేటి మా ఇల్లు తెరిపించకుండా ఉంటాడా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఓడలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న పిల్ల ఆ ఇంట్లో ఎట్లా ఉందోనన్న ఆలోచన మూడోసారికి గానీ రాలేదు. థూ, నా బతుకు.

72వ రోజు

పట్టె దగ్గరికి వెళ్ళాను. మద్దిలేటి అవతలి గట్టు మీద కంబడి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. చేతులు కూడా లోపలే పెట్టుకున్నాడు. మనిషి సగమయ్యాడు.

"లచ్చుమి బాగుందా?" అన్నాను, ఇవతలి గట్టు మీద కూర్చుని.

"బాగుంది వదినా. అన్న?"

"బాగుండాడు."

"ఒకసారి రమ్మను అన్నని. జూసి శానా దినాలాయ."

"లచ్చుమినీ రమ్మను. మాట్లాడి ఎన్నాళ్ళైందో."

ఇద్దరిలో ఎవరం లేవలేదు. ఒక్క మాట సరిపోయేది. మా ఇంట్లో జబ్బుంది మద్దిలేటీ, మీ ఇంట్లోనూ ఉంది, ఇద్దరం బండి కట్టుకుని ఆస్పత్రికి పోదాం రా. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. అతనే ముందు అంటాడేమోనని నేను చూశాను. నేను అంటానేమోనని అతను చూశాడు. ముందు అన్నవాళ్ళకు పట్టె పోతుంది. ఇంకా పద్దెనిమిది రోజులే కదా అనుకున్నాను.

"గాలి మొదలైతాంది" అన్నాడు.

"అవును, పోతా" అని లేచి వచ్చేశాను.

83వ రోజు

ఈరన్న లేచి నిలబడలేకపోతున్నాడు. పాదాలు కూడా బూడిదరంగుకు తిరిగాయి. అన్నం కలిపి పెడుతున్నాను. చెయ్యి తగిలితే తెలియదట, నా గొంతు విని తల తిప్పుతున్నాడు.

కచేరి పుస్తకం చదివి వినిపించమన్నాడు. క్షేమం, క్షేమం, క్షేమం అని పేజీలు తిప్పుతూ పోయాను. "బలే రాసినావే" అని నవ్వాడు. తర్వాత అడిగాడు, "పట్టె వస్తే ఏం ఏస్తావ్?"

"శనక్కాయలు."

"ఇత్తనాలు యాడుండాయి?"

"ఓడలో దాపెట్టి తెచ్చినా. నీకు చెప్పలేదు."

"దొంగముండా" అన్నాడు ప్రేమగా. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను తిట్టడం ఇదే మొదలు. నేను అవతలికి పోయి ఏడ్చాను.

90వ రోజు

హుసేనప్ప వచ్చాడు. ముంత మీద పళ్ళెం ఎత్తి, వేలు పెట్టి తడి చూసి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాన వాసనక్కా!" అన్నాడు, మొహమంతా వెలిగిపోయింది. నా పుస్తకం తిరగేశాడు. మద్దిలేటి పుస్తకం అప్పటికే చేతిలో ఉంది. అందులోనూ తొంభై క్షేమాలు.

"రెండిండ్లూ సత్యమే అని తేలింది. పెద్దోళ్ళు ఏం జెప్పినారంటే, పట్టెను సగం సగం జేసుకోమన్నారు."

మొదటి రోజు ఈరన్న అన్న మాట. నాకు నవ్వొచ్చింది. నవ్వు కాదది, ఏదో వచ్చింది.

"పైకచేరికి ఈ పద్ధతి బాగా నచ్చిందక్కా. ఖర్చు ల్యాదు, కొట్లాట ల్యాదు. తక్కిన బంజర్లలో ముప్పై ఒక్క తగాదాలుంటే అన్నింటికీ మొన్ననే ముంతలు పెట్టించినాం. అరవై రెండిండ్లు. నేనే తిరిగినా."

ఇక ఆగలేకపోయాను. అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి లోపలి గది తలుపు తీశాను.

హుసేనప్ప ఈరన్న కాళ్ళు చూశాడు, చేతులు చూశాడు. తన వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "ఎందుకు జెప్పినావక్కా" అన్నాడు చివరికి. "సగమన్నా వచ్చేది గదా నీకు."

"సగం తగలెయ్. ఆ ముంతలు పారేయించు ముందు. మద్దిలేటి ఇంట్లోనూ ఇదే. రా, అడుగు."

మద్దిలేటి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. లచ్చుమిని పిలవమంటే, అయిదో బంజరులో పుట్టింటివాళ్ళ దగ్గరికి పోయిందన్నాడు. నా వైపు చూడలేదు. లోపలికి పోయి చూడమని హుసేనప్పను బతిమాలాను. పుస్తకంలో క్షేమమని ఉన్న ఇంట్లోకి పోయే అధికారం తనకు లేదన్నాడు.

"ఒకే మన్నక్కా" అన్నాడు తిరిగి వస్తూ, నాకు నచ్చజెబుతున్నట్టు. "ఆ ఇంట్లో ఏం గాలే. నీ ఇంట్లో అయింది. తప్పు మన్నులో ఉంటే ఇద్దరికీ గావల్ల గదా? తప్పు నీ మాటలో ఉండాది."

ఆ పట్టె ఈరన్న చేసిన నేల. నాలుగేళ్ళు నా కళ్ళతో చూశాను. నా మాటలో తప్పు లేదు. కానీ ఆ మాట ఇక ఎవరు వింటారు? పట్టె మొత్తం మద్దిలేటికి రాశాడు హుసేనప్ప. ఆ తర్వాత, పాపం, ఈరన్నను బండిలోకి ఎత్తింది కూడా అతనే.

96వ రోజు

మొదటి బంజరు ఆస్పత్రిలో రాస్తున్నాను.

పచ్చిమన్నులో ఉండే బూజని డాక్టరమ్మ అంది. చలికి నిద్రపోతుందట, తడీ వెచ్చదనమూ తగిలితే లేస్తుందట. పీల్చినవాళ్ళందరికీ పట్టదట. అందుకే వేయించకుండా తేవద్దని మొదటి ఓడ నుంచి మొత్తుకుంటున్నామంది. గోధుమరంగు మందు సీసా ఇచ్చి పూటకో చెంచా పోయమంది.

"పట్టిన పదిరోజుల్లో తెచ్చుంటే..." అని ఆగిపోయింది.

"తెచ్చుంటే?"

"బతికేవాడు."

ఈరన్న అప్పటికింకా ఊపిరి తీస్తున్నాడు. ఈ మధ్యాహ్నం పోయాడు. ఆఖరిదాకా నా మీద కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు మాటలని ఉంటే ఆ నాలుగు మాటలు పట్టుకుని నేనూ ఏడ్చేదాన్ని.

ముంతల సంగతి డాక్టరమ్మ కచేరికి రాసింది. రెండో ఇంట్లో అదే మన్ను ఉండగా ఎవరికీ జబ్బు లేదు కదా, రుజువేమిటని అడిగారట.

101వ రోజు

ముంతలు పారేయించమని నేను పెట్టిన మొదటి అర్జీకి జవాబొచ్చింది. భూమిలో హక్కు లేనివారు ఆ భూమి గురించి పెట్టే అర్జీ విచారణకు రాదు. ఒకే వాక్యం, కింద ముద్ర. నిజం చెప్పకపోతే అర్జీ పెట్టే పని లేదు. చెబితే పెట్టే హక్కు లేదు. ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఎవడో గానీ వాడి కడుపు చల్లగుండ.

104వ రోజు

కచేరి వినకపోతే ఇళ్ళవాళ్ళకే చెబుదామని అయిదో బంజరుకు నడిచాను. ప్రమాణం జరుగుతున్న ఇళ్ళు అక్కడ ఎనిమిది.

మొదటి ఇంట్లో గడప దగ్గరే ఆపేశారు. "ప్రమాణం తప్పి మొగుణ్ణి మింగినదానివంట. మా ఇంట్లో అడుగు పెట్టొద్దు." రెండో ఇంట్లో ఒకావిడ మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విని, మెల్లగా అడిగింది. "ఎవురు పంపినారు నిన్ను? ఎదురోళ్ళేనా? ముంత పారేస్తే నేను ఓడిపోతానని జెప్పి పంపినారా?" ప్రమాణం చేసి చెబుతానన్నాను. నీ ప్రమాణం ఎరికేలే అని తలుపు వేసుకుంది.

మూడో ఇంటి కిటికీలోంచి చూశాను. ముసలిదీ, కోడలూ, ఇద్దరు చంటిపిల్లలూ పొయ్యి పక్కన ముంత చుట్టూ కూర్చుని ఉన్నారు. వాన అంటే ఎట్లా ఉంటుందో ముసలిది పిల్లలకు చెబుతోంది. చిన్నది ముంతలో ముక్కు పెట్టి గట్టిగా పీలుస్తోంది. నేను కిటికీ కొట్టి అరిచాను. రాళ్ళు పట్టుకుని బయటికి వచ్చారు.

లచ్చుమి పుట్టిల్లు ఊరి చివర. వాళ్ళన్న వాకిట్లో ఉన్నాడు. లచ్చుమి గురించి అడిగితే వింతగా చూశాడు. "మా లచ్చుమా? ఇక్కడికి రాలేదే."

107వ రోజు

పగటిపూట, నేను ఈరన్న పార కడుగుతుంటే మద్దిలేటి వచ్చాడు. కంబడి కప్పుకునే ఉన్నాడు. గడప అవతల నిలబడి, నేల చూస్తూ అడిగాడు.

"అన్నకిచ్చిన మందు రోంత మిగిలిందా వదినా?"

సగం సీసా ఉంది. లోపలికి పోయి తెచ్చాను. "లచ్చుమికి ఎన్నాళ్ళైంది పట్టి? పదిరోజులు దాటింటే పని జెయ్యదంట. అయినా పొయ్యి. బండి కట్టు, నేనూ వస్తా, ఆస్పత్రికి పోదాం."

అతను తల అడ్డంగా ఊపాడు. కంబడిలోంచి చేతులు బయటికి తీశాడు. మణికట్టు దాకా బూడిదరంగు.

"నాకే వదినా. లచ్చుమి అప్పుడే పోయింది. మనం పట్టె కాడ మాట్లాడినాక మూడోనాడు."

సీసా నా చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు నేనొక్క మాట అని ఉంటే. అతను అని ఉన్నా. ఆమెను ఎక్కడ పాతిపెట్టావని అడిగాను. పట్టె వైపు చూశాడు.

"చెప్పు మద్దిలేటీ. కచేరికి ఒక్క మాట చెప్పు. నా మాట వినరు, నీదైతే వింటారు. అరవై రెండిండ్లు. చంటిపిల్లలు ముంతలో ముక్కు పెట్టి పీలుస్తాండారు. నా కండ్లతో చూసి వచ్చినా."

"చెప్తే పట్టె పోతాది."

"పోనియ్!"

"పోతే" అన్నాడు, మొదటిసారి నా కళ్ళలోకి చూసి, "లచ్చుమి దేనికి పోయినట్టు వదినా?"

ముప్పై ఒకటో రోజు నుంచి తొంభయ్యో రోజు దాకా నేను పొద్దున లేచి అనుకున్నదీ అదే. ఇన్నాళ్ళు ఓర్చుకున్నాం, ఇప్పుడు వదిలేస్తే ఇదంతా దేనికి అని.

సీసా ఇచ్చాను. వేళ్ళు పట్టు దొరక్క రెండు మణికట్ల మధ్య ఇరికించుకున్నాడు. వెళ్ళి కచేరికి చెబుతాడో లేదో నాకు తెలియదు. అందుకే ఈ పుస్తకం మీకు పంపుతున్నాను.

పట్టె ఇప్పుడు మొత్తం అతనిదే. దాని మీదుగా పోతే వాళ్ళ గట్టు నలభై మూరల దూరం. మద్దిలేటి దాన్ని తొక్కలేదు. ఎండలో చేనంతా చుట్టి ఇంటికి పోయాడు.